బావగారి రొయ్యల లెక్క

బావగారిలో ఉన్న లోపమల్లా ఒక్కటే. తన ఇంట్లో ఎన్ని రొయ్యలున్నాయో ఆయనకు తెలియదు.

తెలియకపోతే ఊరుకోవచ్చు కదా! ఊరుకోరు. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి చెప్పులు విప్పేలోపే, "సమయానికి దేవుడిలా వచ్చారు. ఒక్కసారి ఆ తొట్టెలో ఎన్నున్నాయో చూసి చెబుదురూ, నాకు ఎంతకీ తేలడం లేదు" అంటారు. అలా అడిగించుకోని మనిషి ఆ వీధిలో లేడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతను ఒకసారి పావుగంటసేపు తొట్టె ముందు గొంతుక్కూర్చుని, "ఆరు" అని పుస్తకంలో రాసుకుని, మీటరు చూడకుండానే వెళ్లిపోయాడు.

బావగారి వృత్తి కట్టుడు పళ్లు చేయడం. ముందుగది ఆయన పనిచోటు. బల్ల మీద మైనం, ప్లాస్టరు, చిన్న చిన్న ఆకురాళ్లు, వరసగా నవ్వుతున్న పళ్ల సెట్లు. బల్లకు ఎదురుగా మూడడుగుల అద్దాల తొట్టె. అందులో సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లు, చిల్లులు పడ్డ రాళ్లు, ఒక పంపు, ఒక హీటరు, లెక్క తేలని పిప్పరమెంటు రొయ్యలు. చూపుడువేలంత పొడుగు, గాజులాంటి ఒళ్లు, దాని మీద ఎర్రటి సన్నని చారలు. చిన్నప్పుడు బుగ్గన పెట్టుకున్న పిప్పరమెంటు బిళ్లకు కాళ్లూ మీసాలూ మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి.

పళ్ల కొలత ఇవ్వడానికి వచ్చినవాళ్ల నోట్లో ముద్ద పెట్టి, అది గట్టిపడేదాకా నాలుగు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టాలి. ఆ నాలుగు నిమిషాలూ బావగారు వృథా పోనివ్వరు. కుర్చీని తొట్టె వైపు తిప్పేస్తారు. "మీరు మాట్లాడకండి. అచ్చు చెడిపోతుంది. ఎన్ని కనిపిస్తే అన్ని వేళ్లు చూపించండి" అంటారు. పెద్ద పెద్ద మనుషులు, నోరు తెరుచుకుని, కళ్లు చిట్లించి, ఏడు వేళ్లు చూపిస్తుంటారు. వాళ్ల పళ్ల సంగతి వాళ్లే మర్చిపోతారు.

"ఈయనకి తన రొయ్యలు ఎన్నో తెలియవు కానీ, ఈ వీధిలో ఎవరి నోట్లో ఎన్ని పళ్లున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతారు" అనేది అక్క.

అక్క అంటే బావగారి భార్య. ఈ కథంతా చూసినవాడు ఆమె తమ్ముడు. నలభై రెండేళ్లవాడు, పెళ్లీ పెటాకులూ లేనివాడు, ఒక పెద్ద గోదాములో సరుకు లెక్కపెట్టే ఉద్యోగం. ఇరవై ఏళ్లు పెట్టెలూ, బస్తాలూ, డబ్బాలూ లెక్కపెట్టాడు. ఒక్క డబ్బా తేడా వచ్చిన రోజు లేదని అతనికి గర్వం.

ఆ వేసవిలో అతను పెద్ద సూట్‌కేసుతో అక్క ఇంటికి వచ్చాడు.

"ఇదేంట్రా, ఉత్తరం లేదు, ఫోను లేదు!" అంది అక్క.

"సెలవక్కా. చాలా సెలవు మిగిలిపోయింది. వాడుకోమన్నారు" అన్నాడు బావమరిది, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ.

నిజం వేరు. గోదాములోకి ఒక మిషన్ వచ్చింది. చేతిలో పట్టుకుని పెట్టె మీద గీతలకు చూపిస్తే అదే లెక్కపెట్టేస్తుంది. "ఇన్నాళ్లు మంచి పని చేశావు" అని చెప్పి, పూలగుత్తి ఇచ్చి, ఇంటికి పంపేశారు. ఆ పూలగుత్తిని ఏం చేయాలో తెలియక బస్సులో పక్క సీటు మీద పెట్టి దిగిపోయాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే తను లెక్కలోంచి తీసేసిన సరుకైపోతానని భయం.

బావగారు అతన్ని ఎగాదిగా చూశారు. సూట్‌కేసు చూశారు. సెలవుకి వచ్చినవాడు చలికాలం కోటు కూడా తెచ్చుకోవడం చూశారు. సూట్‌కేసు అందుకుని లోపల పెట్టి, "లెక్కపెట్టడమే వృత్తిగా ఉన్నవాడు నా ఇంటికి నడిచి రావడం నా అదృష్టం. రావోయ్, ముందు ఆ తొట్టె సంగతి చూడు. కాఫీ తర్వాత తాగుదువుగాని" అన్నారు.

బావమరిది నవ్వుకున్నాడు. లారీల కొద్దీ సరుకు లెక్కపెట్టినవాడికి పిసరంత రొయ్యలొక లెక్కా! తొట్టె ముందు నిలబడ్డాడు. ఒకటి కనిపించింది. రెండోది కనిపించింది. మూడోదాన్ని చూసేలోపు మొదటిది రాయి వెనక్కి వెళ్లింది. అటు నుంచి ఒకటి వచ్చింది. అది మొదటిదా, నాలుగోదా? కాఫీ చల్లారిపోయింది.

"ఐదు" అన్నాడు చివరికి.

"నేను పొద్దున ఎనిమిది అనుకున్నానే" అన్నారు బావగారు దిగులుగా. "సాయంత్రం మళ్లీ చూద్దువుగానిలే."

సాయంత్రం ఏడు వచ్చాయి. మర్నాడు పొద్దున నాలుగు. బావమరిదికి పౌరుషం వచ్చింది. మైనపు పెన్సిలు అడిగి తీసుకుని తొట్టె అద్దం మీద గళ్లు గీశాడు. గోదాములో అరలకు పెట్టినట్టు గళ్లకు నంబర్లు పెట్టాడు. రొయ్యలకు ఆ నంబర్లు చదవడం రాదు. మూడో గడిలోది ఐదో గడిలోకి, ఐదో గడిలోది పంపు వెనక్కి. బావగారు తన బల్ల మీది పళ్లు చూసే చిన్న గుండ్రటి అద్దం, పొడుగు పుల్ల ఉన్నది, ఇచ్చారు. దాన్ని నీళ్లలోకి దించి రాయి వెనకకు తిప్పి చూస్తే అక్కడ రెండు రొయ్యలు మీసాలు దువ్వుకుంటూ కనిపించాయి. మూడోది వచ్చి ఆ అద్దం మీదే కూర్చుంది.

"పంటి డాక్టరు దగ్గరికి వచ్చాననుకుందేమో" అన్నారు బావగారు.

అసలు ఆ ఇంటికి రొయ్యలు ఎలా వచ్చాయో అక్క చెప్పింది. మొదట తొట్టెలో రాళ్లూ, రెండు నారింజరంగు చేపలూ మాత్రమే ఉండేవట. ఒక రాయికి అంటుకుని చిన్న గోధుమరంగు పువ్వులాంటి జీవి వచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. వారంలో ఒకటి నాలుగైంది, నెలలో నాలుగు నలభై అయ్యాయి. గిల్లితే ముక్క ముక్కా ఇంకో పువ్వు అవుతుంది. చేపలకు తగిలితే కుడుతుంది. తొట్టె అంతా కొంప మునిగే స్థితికి వచ్చింది. అప్పుడు అక్వేరియం దుకాణమాయన ఈ రొయ్యల్ని ఇచ్చి, "ఇవి వాటిని తింటాయి, మీరేం చేయక్కర్లేదు" అన్నాడు. అన్నట్టే మూడు వారాల్లో ఒక్క పువ్వు మిగల్లేదు.

"పని అయిపోయింది కదా, రొయ్యల్ని వెనక్కి తీసుకుంటాను, వేరేవాళ్లకి కావాలి అన్నాడు దుకాణమాయన" అంది అక్క. "మీ బావ ఒప్పుకుంటేనా! పని అయిపోయిందని పంపించేస్తామా అండీ, అని ఆయన్నే ఎదురు అడిగారు."

బావమరిది ఆ మాట విని లేచి పెరట్లోకి వెళ్లి, ఆరిన బట్టల్ని మళ్లీ ఆరేసి వచ్చాడు.

రోజూ పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి లెక్క. ఆ వేళకి అతను ఎక్కడున్నా బావగారు కేకేస్తారు. పక్క మీద పడుకుని పైకప్పు చూద్దామంటే కుదరదు. గడ్డం గీసుకోకుండా ఉందామంటే, "గడ్డం చూస్తే రొయ్యలు బెదురుతాయోయ్, నీట్‌గా రా" అంటారు. రొయ్యలకు అతని గడ్డంతో ఏం పనో అతనికి అర్థం కాలేదు. అయినా గీసుకునేవాడు.

నాలుగింటి లెక్కకు అతనొక్కడే కాదు. రెండో అంతస్తులోంచి టైలరమ్మ వచ్చేది. మూడో అంతస్తులోంచి బస్సు డ్రైవరు వచ్చేవాడు.

టైలరమ్మ భర్త పోయి ఆరు నెలలు. అప్పటినుంచి కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసి, తలుపు వేసుకుని కూర్చుంది. బావగారు ఒకరోజు వెళ్లి తలుపు కొట్టి, "అమ్మా, మీవి సూదిలో దారం ఎక్కించే కళ్లు. నాకు మీ కళ్లు కావాలి" అన్నారట. ఆవిడ హడలిపోయి, సగం తలుపు తీసి, "నా కళ్లెందుకండీ?" అంది. "రొయ్యల్ని లెక్కపెట్టడానికి" అన్నారు ఆయన. పిచ్చివాడితో వాదించడంకన్నా వెళ్లి లెక్కపెట్టి రావడం తేలికనిపించి వచ్చింది. రోజూ అలాగే అనిపించి రోజూ వస్తోంది.

డ్రైవరు ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రెండు నెలల కిందట రిటైరయ్యాడు. పని లేక మెట్ల మీద కూర్చుని, ఎక్కేవాళ్లతో ఎందుకు ఎక్కుతున్నారనీ, దిగేవాళ్లతో ఎందుకు దిగుతున్నారనీ తగాదా పెట్టుకునేవాడు. బిల్డింగంతా ఆయన్ని తప్పించుకు తిరుగుతుంటే బావగారు మాత్రం మెట్ల మీద పక్కనే కూర్చుని, "మీరు రోజూ పిల్లల్ని లెక్కపెట్టేవారు కదా, మీ అనుభవం నాకు అవసరమైంది" అన్నారట.

ఈ ఇద్దరినీ ఒక తొట్టె ముందు కూర్చోబెడితే చూడాలి.

"ఏడు" అంటాడు డ్రైవరు.

"ఆరే. మీరు ఆ మూలదాన్ని రెండుసార్లు లెక్కపెట్టారు" అంటుంది టైలరమ్మ.

"ముప్ఫై ఏళ్లమ్మా! ముప్ఫై ఏళ్లలో ఒక్క పిల్లాణ్ణి దింపడం మరిచిపోలేదు నేను!"

"ఆ పిల్లలు సీట్లలో కూర్చుంటారు. ఇవి కూర్చుంటాయా?"

"హారన్ కొడితే కూర్చుంటాయి!"

"కొట్టండి చూద్దాం!"

డ్రైవరు నిజంగానే నోటితో హారన్ కొట్టాడు. రొయ్యలన్నీ రాళ్లలోకి మాయమయ్యాయి. "ఇప్పుడు సున్నా" అంది టైలరమ్మ. బావగారు మైనం చెక్కుతూ, తల ఎత్తకుండా, "రేపు మళ్లీ చూద్దాం లెండి" అన్నారు. ఆ తగాదా మెట్ల దాకా సాగి, మెట్ల మీంచి రెండో అంతస్తు గుమ్మం దాకా సాగి, అక్కడ టైలరమ్మ ఇచ్చిన మంచినీళ్లతో ముగిసింది. అప్పటినుంచి డ్రైవరు మెట్ల మీద ఇంకెవరితోనూ పోట్లాడలేదు. తగాదా అంతా నాలుగింటికి దాచుకునేవాడు.

ఒకరోజు నాలుగింటికి వచ్చేసరికి తొట్టె అడుగున ఇసకలో ఒక రొయ్య పక్కకు ఒరిగి పడివుంది. కళ్లు, మీసాలు, కాళ్లు, చారలు, అన్నీ ఉన్నాయి. కదలిక లేదు. పంపు నీళ్లు తగిలినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతోంది.

డ్రైవరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. టైలరమ్మ ఒక్క క్షణం చూసింది. అంతే, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. చిన్న ఏడుపు కాదది. ఆరు నెలలుగా దుప్పటి కింద పెట్టి దాచిన ఏడుపు. భర్త పోయిన రోజున బంధువులందరికీ తనే ధైర్యం చెప్పిందట ఆవిడ. అక్క వంటింట్లోంచి పరుగున వచ్చి ఆవిడ భుజం పట్టుకుంది. బావగారు చేతిలో పని పక్కన పెట్టి, స్టూలు దగ్గరికి జరుపుకుని, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. అలా పది నిమిషాలు.

ఆవిడ ముక్కు తుడుచుకున్నాక ఆయన మెల్లగా అన్నారు: "అమ్మా, అది పోలేదు. చొక్కా మార్చుకుంది."

"ఏమిటి?"

"పెరిగినప్పుడల్లా పాత పొట్టు విడిచేస్తుంది. అది ఖాళీ పొట్టు. అసలు రొయ్య కొత్త చొక్కా గట్టిపడేదాకా సిగ్గుపడి రాయి కింద కూర్చుంటుంది."

టైలరమ్మ నోరు తెరిచింది. "ముందే చెప్పొచ్చు కదా అన్నయ్యగారూ! పది నిమిషాలు ఏడిపించారు నన్ను, ఒక ఖాళీ చొక్కా కోసం!"

"మీరు అంత బాగా ఏడుస్తుంటే మధ్యలో ఆపడం మర్యాద కాదనిపించింది" అన్నారు బావగారు.

ఆవిడకు కోపం వచ్చింది, దాని వెనకే నవ్వు వచ్చింది. ఆ మర్నాడు పైనుంచి కుట్టుమిషను చప్పుడు వినిపించింది. బావమరిది ఆ రెంటికీ ముడిపెట్టలేదు. ఈయన మతిమరుపు మనిషి, చెప్పడం మరిచిపోయి ఉంటారు అనుకున్నాడు.

ఇలా రెండు నెలలు గడిచాయి. "నీ సెలవు ఇంకా ఎన్ని రోజులుందిరా?" అని అక్క ఒక్కసారైనా అడగలేదు. అడుగుతుందేమోనని అతను మాత్రం రోజూ భోజనాల దగ్గర నీళ్లు నమలడానికి సిద్ధంగా ఉండేవాడు.

ఒకనాడు పొద్దున్నే బావగారు పళ్ల సెట్లు అట్టపెట్టెలో సర్దుకుని పొరుగూరి ఆసుపత్రికి బయలుదేరారు. నలుగురు ముసలివాళ్లకి అమర్చి, కొరికించి, సరిచేసి, సాయంత్రానికి వస్తారు. బస్సెక్కుతూ, "పదకొండింటి లెక్క మరిచిపోకు" అని కేకేశారు.

పదకొండు కాకముందే వీధి చివర ధడేల్‌మని శబ్దం వచ్చింది. ట్రాన్స్‌ఫార్మరు పేలింది. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది. ఏదో తేడాగా ఉందే అని బావమరిది తల తిప్పితే, తొట్టెలో పంపు ఆగివుంది. నీళ్లు అద్దం ముక్కలా కదలకుండా ఉన్నాయి.

గంట గడిచింది. కరెంటు రాలేదు. సాయంత్రం దాకా రాదని బాగుచేసేవాళ్లు చెప్పారు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఎప్పుడూ రాళ్లలో దాక్కునే రొయ్యలు రెండు, అద్దం పట్టుకుని నీటి అంచుదాకా ఎక్కి నిలబడ్డాయి.

"అక్కా! ఇవి ఊపిరాడక చచ్చిపోతున్నాయి!"

అక్క, బావగారు చెప్పగా విన్న మాట ఒకటి గుర్తు తెచ్చుకుంది. "నీళ్లు ముంచి ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పొయ్యాలిరా. నీళ్లతో గాలి కలవాలట."

బావమరిది ప్లాస్టిక్ మగ్గు అందుకున్నాడు. ముంచడం, ఎత్తడం, పొయ్యడం. ముంచడం, ఎత్తడం, పొయ్యడం. ఇరవై నిమిషాలకు భుజం పట్టేసింది. అక్క మెట్లెక్కి కేక పెట్టింది. టైలరమ్మ కుడుతున్న జాకెట్టు వదిలేసి వచ్చింది. డ్రైవరు బనీను మీదే దిగాడు. వచ్చీ రాగానే డ్యూటీలు వేశాడు: "ఒక్కొక్కరు పదిహేను నిమిషాలు. మధ్యలో ఓవర్‌టేకింగ్ లేదు!"

ఒంటిగంట అయింది, రెండు అయింది. నలుగురి బట్టలూ ఉప్పునీళ్లతో తడిసి అట్టలు కట్టాయి. రెండున్నరకి బావగారి ఫోను కలిసింది. ఆ సమయంలో మగ్గు బావమరిది చేతిలో ఉంది. ఫోనును పళ్ల బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా స్పీకరు నొక్కింది అక్క.

"బావగారూ! కరెంటు పోయి నాలుగు గంటలైంది. మగ్గుతో పోస్తున్నాం. ఇంకేం చెయ్యాలి?"

అవతల బావగారి గొంతు, ఎన్నడూ లేనంత కంగారుగా: "మేత వెయ్యకండి. మూత తీసేయండి. చూడు, పెద్దరాయి కింద ఇద్దరుంటారు, వాళ్లకి పరవాలేదు. పంపు వెనకాల ముగ్గురు, అక్కడ నీళ్లు నిలిచిపోతాయి, అటు వైపు ఎక్కువ పొయ్యి. హీటరు పక్కన ఇద్దరు. ఎడమచేతి మూల ఒంటిమీసం వాడొకడు, వాడు మొండివాడు, బతుకుతాడు. చిల్లుల రాయిలో ఒకావిడ ఉంది, పొట్ట కింద ఆకుపచ్చగా గుడ్లు మోస్తోంది, ఇవాళో రేపో పిల్లలవుతాయి. ఆవిడ జాగ్రత్త! మొత్తం తొమ్మిదిమందినీ..."

మగ్గు గాలిలో ఆగిపోయింది.

ఇద్దరు, ముగ్గురు, ఇద్దరు, ఒకడు, ఒకావిడ. ఇరవై ఏళ్ల అలవాటు. బావమరిది మనసులో కూడిక తనంతట తానే జరిగిపోయింది.

"బావగారూ" అన్నాడు. "నిన్న మీరు ఆరు అన్నారు కదా?"

ఫోనులో బావగారి దగ్గు వినిపించింది.

"మొన్న పదకొండు అన్నారు. వచ్చిన రోజు ఎనిమిది అన్నారు."

"హలో?" అన్నారు బావగారు. "హలో, హలో? ఇక్కడ సిగ్నలు సరిగ్గా లేదోయ్. ఏమీ వినపడ్డం లేదు. హలో?" అని పెట్టేశారు.

మొదట తేరుకున్నవాడు డ్రైవరు. మగ్గు బావమరిది చేతిలోంచి లాక్కుని, "ముందు నీళ్లు పోద్దాం, తర్వాత ఆశ్చర్యపోదాం" అని పోయడం మొదలుపెట్టాడు. నాలుగు మగ్గులు పోసి ఆగాడు.

"అంటే, ఆయనకి మొదట్నుంచీ తెలుసు."

"మీసాలతో సహా తెలుసు" అంది టైలరమ్మ. ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఆరోజు నా తలుపు ఎంతసేపు కొట్టారనుకున్నారు? అరగంట. నేను లోపల్నుంచి పొమ్మన్నాను. అయినా పోలేదు. రొయ్యలన్నారు. నా కళ్లన్నారు."

"నా అనుభవం అన్నాడు" అన్నాడు డ్రైవరు. మగ్గు మళ్లీ ముంచుతూ, "ఎంతో గర్వపడ్డానమ్మా నేను, మా కోడలికి కూడా ఫోన్ చేసి చెప్పాను, పళ్ల మేస్త్రి నన్ను సలహా అడుగుతున్నాడని" అన్నాడు.

బావమరిదికి చలికాలం కోటు గుర్తొచ్చింది. సూట్‌కేసు అందుకున్నప్పుడు ఆయన చూసిన చూపు గుర్తొచ్చింది. గడ్డం గీసుకోమనడం గుర్తొచ్చింది. అక్క వైపు తిరిగాడు. రెండు నెలలుగా నోట్లో నానుతున్న మాట బయటికి వచ్చేసింది.

"అక్కా, నాది సెలవు కాదు. నన్ను తీసేశారు."

"తెలుసురా" అంది అక్క, తడి కొంగు పిండుకుంటూ. "వచ్చిన రోజే మీ బావ అన్నారు, వీడి ఉద్యోగం పోయినట్టుంది అని. నేను అడగబోతే ఆపేశారు. వాడంతట వాడు చెప్పేదాకా అడక్కు, అడిగితే ఇంకో అబద్ధం చెప్పాల్సొస్తుంది వాడికి, పాపం అన్నారు."

డ్రైవరు మగ్గు అతని చేతికిచ్చి, "నీ డ్యూటీ వచ్చింది, పొయ్యి" అన్నాడు. అతను పోస్తుంటే పక్కనే నిలబడి, "మా బస్సు డిపోలో విడిభాగాల కొట్టు ఒకటుంది. అందులో ఏముందో ఎవడికీ తెలియదు. బ్రేకు అడిగితే బల్బు ఇస్తారు. రేపు నాతో రా, మేనేజరుతో మాట్లాడతా" అన్నాడు.

"వాళ్ల దగ్గర మిషన్ లేదా?"

"ఉంది. ఏడాదైంది చెడిపోయి. అదెక్కడుందో కూడా లెక్క తేలడం లేదు."

మరుసటి నెలలో అతను ఆ కొట్టులో చేరాడు. మిషను మూడో రోజునే దొరికింది, టైర్ల వెనకాల. ఆ సంగతి తర్వాతది. ఆ పూట మాత్రం ఎవరికీ రేపటి ధ్యాస లేదు. ముంచడం, ఎత్తడం, పొయ్యడం.

పోస్తూనే ఒక నిర్ణయం చేసుకున్నారు. ముందు ఆ మాట ఎత్తింది టైలరమ్మ. "మనకి తెలిసిపోయిందని ఆయనకి తెలియనివ్వద్దు. మొహమాటపడి రేపట్నుంచి ఎవర్నీ పిలవరు."

"ఫోన్లో తమ్ముడు అడిగేశాడు కదా" అంది అక్క.

"ఆయనకి సిగ్నలు లేదుగా!" అన్నాడు డ్రైవరు గంభీరంగా. "ఏమీ వినపళ్లేదని ఆయనే చెప్పాడు."

పొద్దు వాలి, గదిలో చీకటి ముసురుకుంటున్న వేళకి బావగారు వచ్చారు. కరెంటు ఇంకా రాలేదు. ఆయన గుమ్మంలో నిలబడి, నేలంతా ఉప్పునీళ్లూ, తడిసిన నలుగురు మనుషులూ, తిరుగుతున్న మగ్గూ చూసి, చేతిలో పెట్టె దించడం మరిచిపోయారు.

"అందరూ క్షేమమేనా?"

"అందరూ అంటే ఎందరండీ?" అంది అక్క.

బావగారు దొంగచూపు చూశారు. డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "ఏడున్నాయి."

"పదకొండు" అంది టైలరమ్మ. "మీకు కళ్లు కనిపించవని ఎన్నిసార్లు చెప్పాలి?"

"నాకు ఆరున్నర వచ్చాయి" అన్నాడు బావమరిది. "ఒకటి రాయిలోంచి సగమే బయటికుంది. గోదాము పద్ధతిలో సగం సరుకుని సగంగానే రాయాలి."

బావగారి ముఖంలో రోజంతా మోసిన బరువు దిగిపోయింది. "ఏం చేద్దాం, మీక్కూడా తేలలేదన్నమాట. రేపు మళ్లీ చూద్దాం" అంటూ పెట్టె దించి, టార్చి తీసుకుని, మోకాళ్ల మీద తొట్టె ముందు కూర్చున్నారు. చిల్లుల రాయిలో ఉన్నావిడ ఎలా ఉందోనని వెలుతురు అటు వేశారు.

వెలుతురు దారిలోకి ఏదో దుమ్ము లేచింది. దుమ్ము కాదు. దుమ్ము ఎగిరెగిరి దీపం దగ్గరికి రాదు. సూదిమొనంత ప్రాణాలు, గాజులాంటివి, వందలకొద్దీ, ఒకదాన్నొకటి తోసుకుంటూ టార్చి వెలుగులోకి ఈదుకొస్తున్నాయి. ఒక్కొక్కదానికీ రెండు నల్లని కళ్లు. ఇంకేమీ కనిపించడం లేదు, కళ్లు తప్ప.

బావమరిది తొట్టె దగ్గరికి జరిగి అడిగాడు.

"బావగారూ, ఇవెన్ని?"

బావగారు ముక్కు అద్దానికి ఆనించారు. ఒకటి, రెండు అని వేలితో మొదలుపెట్టి, ఐదు దగ్గర ఓడిపోయారు. ముఖమంతా చిన్నపిల్లాడి ముఖమైపోయింది.

"ఇవి మాత్రం నిజంగా నాకు తెలియదోయ్!"

"ఇవి మాత్రమా?" అంది అక్క.

బావగారు నాలిక కరుచుకున్నారు. నలుగురినీ ఒక్కొక్కళ్లనీ చూశారు. టార్చి ఆర్పేద్దామనుకున్నారు గానీ ఆర్పితే పిల్లలు చెదిరిపోతాయి. అందుకని ఆ వెలుగులోనే ఎర్రబడ్డారు. మొదట నవ్వింది టైలరమ్మ. ఆ నవ్వుకి డ్రైవరు తట్టుకోలేకపోయాడు. అక్క గోడ పట్టుకుని నవ్వింది. బావమరిది నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఉప్పునీళ్లు పడ్డాయన్నాడు.

"చాలావరకు బతకవు ఇవి" అన్నారు బావగారు, నవ్వులు కాస్త సద్దుమణిగాక. "పెంచడం చాలా కష్టం. అయినా ఈ పూటకి ఉన్నాయి కదా. ఎన్నున్నాయో చూద్దామా?"

ఈసారి ఆయన నిజంగానే అడిగారు. ముగ్గురూ నేలమీద సర్దుకుని కూర్చున్నారు. టార్చి బావగారు పట్టుకున్నారు, మగ్గు పని అక్క తీసుకుంది. టైలరమ్మకి కుడివైపు, డ్రైవరుకి ఎడమవైపు, మధ్యభాగం బావమరిదికి. ఎవరూ మాట్లాడకుండా, పెదాలు మాత్రం కదుపుతూ, టైలరమ్మ నూట నలభై దాకా వచ్చింది. అప్పుడు డ్రైవరు తుమ్మాడు.

"మీకు ముప్ఫై ఏళ్లలో తుమ్ము ఆపుకోవడం కూడా నేర్పలేదా?" అంది టైలరమ్మ, కొంగు బిగించి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతూ.